క్లీన్ ఎనర్జీలో పీహెచ్‌డీ: ఏ దేశం అని కాదు, నాలుగో ఏడాది జీతం ఎవరిస్తారని అడగండి

పోయిన నెల మా పిన్ని కొడుకు రాత్రి పదకొండు దాటాక ఫోన్ చేశాడు. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ అయింది, బ్యాటరీల మీద ప్రాజెక్టు చేశాడు, ఇక్కడ ఒక ల్యాబ్‌లో ప్రాజెక్టు పోస్టు వచ్చింది, జర్మనీలో ఒక ప్రొఫెసర్ మెయిల్‌కి జవాబిచ్చాడు, అమెరికాకి అప్లై చేద్దామంటే ఇంట్లో వీసా టెన్షన్, ఇక్కడే ఉండిపోదామంటే "బయటికి వెళ్లలేకపోయాడు" అంటారేమోనని వాడికి ఇంకో టెన్షన్. "అన్నయ్యా, నువ్వే చెప్పు, ఏది తీసుకోను?" అన్నాడు. నేను ఎదురు అడిగింది ఒక్కటే: "నాలుగో ఏడాది నీ జీతం ఎవరిస్తారు?" వాడి దగ్గర జవాబు లేదు. మూడింటిలో ఏ ఒక్కదానికీ లేదు.

నేను అలా అడగడానికి కారణం ఉంది. నాది ఎలక్ట్రోకెమిస్ట్రీ. పీహెచ్‌డీ మూడో ఏడాది మధ్యలో మా గైడ్ ప్రాజెక్టు ముగిసింది, సరిగ్గా ఆ వారమే మా పొటెన్షియోస్టాట్‌లో ఒక ఛానల్ కార్డు కాలిపోయింది. డాక్టరుకు స్టెతస్కోపు ఎలాగో మాకు అది అలాగ, అది లేకపోతే సెల్ లోపల ఏం జరుగుతోందో చూసే దారి లేదు. కార్డు కొనడానికి డబ్బు లేక కాదు. రసాయనాల పద్దులో లక్షన్నర మిగిలే ఉంది, పరికరాల పద్దులో మాత్రం సున్నా, ఈ పద్దులోంచి ఆ పద్దులోకి మార్చాలంటే పైనుంచి అనుమతి రావాలి, ప్రాజెక్టేమో ముగిసిపోయింది కాబట్టి అనుమతి అడగడానికే వీల్లేదు. ఎనిమిది నెలలు పక్క ల్యాబ్‌లో రాత్రి పది నుంచి తెల్లవారుజామున నాలుగు దాకా, వాళ్ల మెషీన్ ఖాళీగా ఉన్న టైములో, నా కాయిన్ సెల్స్ పెట్టుకుని నడిపాను. గాలి తగలకుండా సెల్ కట్టుకునే గ్లవ్ బాక్స్‌కి ఆర్గాన్ గ్యాస్ సిలిండర్ అయిపోతే బిల్లు ఎవరి పేరు మీద పెట్టాలా అని ఇద్దరు ప్రొఫెసర్లు ఒకరి ముఖం ఒకరు చూసుకునేవాళ్లు. ఆ ల్యాబ్ పేరు చెప్పను, చాలా ల్యాబుల్లో ఇదే కథ కాబట్టి పేరు చెప్పినా ఒరిగేదేమీ లేదు.

అందుకే ఇండియా మేలా, జర్మనీ మేలా, అమెరికా మేలా అన్న దగ్గర మొదలుపెట్టను. ముందు డబ్బు రకం తేల్చుకోవాలి. మీ పేరు మీద వచ్చే ఫెలోషిప్ ఒక రకం, అది మీతో పాటు నడుస్తుంది, గైడ్‌తో చెడినా కొంతవరకు మీ చేతిలో ఉంటుంది. గైడ్ ప్రాజెక్టులోంచి వచ్చే జీతం రెండో రకం, ప్రాజెక్టు ముగిస్తే అదీ ముగుస్తుంది. యూనివర్సిటీ మిమ్మల్ని ఉద్యోగిగా తీసుకుని కాంట్రాక్టు మీద ఇచ్చేది మూడోది. కంపెనీ డబ్బు ఈ మూడింట్లో ఏ రూపంలోనైనా రావచ్చు, దాని సంగతి తర్వాత చెప్తాను.

ఇక్కడే ఉంటే

సీఎస్‌ఐఆర్-యూజీసీ నెట్ పరీక్షలో జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) కొడితే 2023 జనవరి నుంచి నెలకు 37,000 రూపాయలు, రెండేళ్ల తర్వాత ఎస్‌ఆర్‌ఎఫ్ (సీనియర్) అయితే 42,000, హాస్టల్‌లో ఉండకపోతే హెచ్‌ఆర్‌ఏ విడిగా, మొత్తం ఐదేళ్లు. హైదరాబాద్‌లో ఒంటరిగా ఉండే మనిషికి ఇది ఇబ్బంది లేని డబ్బే, ఇంటికి పంపాల్సిన బాధ్యత ఉంటే మాత్రం గట్టిగా లెక్క చూసుకోవాలి. కానీ చాలామంది గమనించనిది ఏమిటంటే జేఆర్‌ఎఫ్ మీ అన్నం ఖర్చు ఇస్తుంది, ప్రయోగం ఖర్చు ఇవ్వదు. చిల్లర ఖర్చులకని సీఎస్‌ఐఆర్ వాళ్లు ఇచ్చే కంటింజెన్సీ ఏడాదికి 20,000. ఫ్యూయల్ సెల్‌కి వాడే నఫియాన్ పొర చిన్న ముక్కలు కొన్ని, ఒక సీసా మంచి ఎలక్ట్రోలైట్ కొంటే అది ఆవిరైపోతుంది. కాబట్టి జేఆర్‌ఎఫ్ ఉన్నా గైడ్ దగ్గర నడుస్తున్న గ్రాంటు ఉందా లేదా అన్నది చూడాల్సిందే. జేఆర్‌ఎఫ్ చేతిలో ఉంటే అడిగే హక్కు మీకు ఉంటుంది, మొహమాటపడకండి.

ప్రైమ్ మినిస్టర్స్ రీసెర్చ్ ఫెలోషిప్ సంగతి వేరు. 2018లో మొదలైన ఈ పథకంలో మొదటి రెండేళ్లు నెలకు 70,000, మూడో ఏడాది 75,000, తర్వాత రెండేళ్లు 80,000, దీనిపైన ఏటా 2 లక్షల రీసెర్చ్ గ్రాంటు. ఆ 2 లక్షలు మీ పేరు మీద ఉంటాయి చూడండి, అదే అసలు తేడా. నా కాలిపోయిన కార్డు లాంటి గొడవ వస్తే గైడ్ వైపు చూడక్కర్లేదు. బదులుగా దగ్గర్లోని కాలేజీలోనో పాలిటెక్నిక్‌లోనో క్లాసులు చెప్పాలి, చాలామంది దీన్ని భారమనుకుంటారు, నాకైతే లాభంగానే కనిపిస్తుంది, నీటిని కరెంటుతో విడగొట్టి హైడ్రోజన్ తీసే ఎలక్ట్రోలైజర్ ఎలా పనిచేస్తుందో డిప్లొమా పిల్లలకు అర్థమయ్యేలా చెప్పగలిగితే మీకు నిజంగా అర్థమైనట్టు. పోటీ గట్టిది. దీన్ని నమ్ముకుని మిగతావి వదిలేయకండి, ముందు పీహెచ్‌డీలో చేరి తర్వాత మధ్యలో దరఖాస్తు చేసుకునే దారి కూడా ఉంది.

బీటెక్, ఎంటెక్ వాళ్లకు గేట్ దారి. ఎంటెక్‌లో 12,400 స్టైపెండ్‌తో రెండేళ్లు నెట్టుకొచ్చినవాళ్లకు పీహెచ్‌డీలో 37,000 చూస్తే పండగలా ఉంటుంది. ఆ సంబరంలో టాపిక్ చూడకుండా చేరిపోయినవాళ్లు నాకు ముగ్గురు తెలుసు.

చోట్ల విషయానికొస్తే తెలుగు రాష్ట్రాల్లో ఉన్నవాటిని మనమే తక్కువ చేసుకుంటాం. కందిలో ఐఐటీ హైదరాబాద్‌కి విడిగా క్లైమేట్ చేంజ్ డిపార్ట్‌మెంటే ఉంది. తార్నాకలో కెమికల్ టెక్నాలజీ సంస్థ ఐఐసీటీ, బాలాపూర్‌లో కొత్త పదార్థాల పరిశోధన కేంద్రం ఏఆర్‌సీఐ, వరంగల్ ఎన్‌ఐటీ, గచ్చిబౌలిలో సెంట్రల్ యూనివర్సిటీ, ఏర్పేడు దగ్గర ఐఐటీ తిరుపతి ఉన్నాయి. చిన్న హెచ్చరిక: ఫ్యూయల్ సెల్స్ కోసం ఏఆర్‌సీఐ అనుకునేవాళ్లు, వాళ్ల ఫ్యూయల్ సెల్ సెంటర్ చెన్నైలో ఉందని గుర్తుపెట్టుకోండి. బాలాపూర్‌లో రూమ్ అద్దెకు తీసేసుకుని తర్వాత నాలుక కరుచుకోవద్దు.

ఇప్పుడు ప్రాజెక్టు పోస్టు, అంటే మా వాడికి వచ్చినది. ఇది చెడ్డది కాదు. ఒక ఏడాది పనిచేసి గైడ్‌ని చూసి, గైడ్ మనల్ని చూసి, నచ్చితే పీహెచ్‌డీకి రిజిస్టర్ కావచ్చు. కానీ చేరేముందు ప్రాజెక్టు మంజూరు లెటర్‌లో ముగింపు తేదీ అడగండి. మూడేళ్ల ప్రాజెక్టులో ఏడాదిన్నర అప్పటికే అయిపోయి ఉంటే మీ చేతికి వచ్చేది ఏడాదిన్నరే. "తర్వాత ఇంకోటి వస్తుందిలే" అన్న మాట మీద ఐదేళ్ల జీవితం పెట్టకండి. ఆ మాట చెప్పే గైడ్‌లు అబద్ధాలకోరులు కాదు, పాపం వాళ్లకీ అది ఆశే.

గ్రాంట్ల గాలి ఎటు వీస్తోందో కూడా కాస్త తెలిసి ఉండాలి. 2023లో చట్టం వచ్చి పరిశోధన గ్రాంట్లు ఇచ్చే కేంద్ర సంస్థ సెర్బ్ కాస్తా కొత్త సంస్థ ఏఎన్‌ఆర్‌ఎఫ్‌లో కలిసిపోయింది, ఐదేళ్లకు 50,000 కోట్లు అన్నారు. పేపర్లో హెడ్డింగ్ చదివి ఆగిపోకండి, అందులో ప్రభుత్వం పెట్టేది 14,000 కోట్లు, మిగతా 36,000 కోట్లు కంపెనీలు, దాతల దగ్గర్నుంచి రావాలన్నది లెక్క. అలాగే 2023 జనవరిలో కేబినెట్ ఆమోదించిన గ్రీన్ హైడ్రోజన్ మిషన్ 19,744 కోట్లు, అందులో పరిశోధనకు కేటాయించింది 400 కోట్లు, అంటే నూటికి రెండు రూపాయలు. మిగతాదాంట్లో సింహభాగం, 17,490 కోట్లు, ఎలక్ట్రోలైజర్ల తయారీకి, హైడ్రోజన్ ఉత్పత్తికి ప్రోత్సాహకాలు. తప్పని అనడం లేదు, ఫ్యాక్టరీలు రావాలి కదా. కానీ "హైడ్రోజన్‌లో బోలెడు డబ్బుంది" అని విని పీహెచ్‌డీ టాపిక్ మార్చేసుకునేవాళ్లు ఆ డబ్బు ఏ గుమ్మం ముందు ఉందో చూసుకోవాలి. ఏ ఎండకా గొడుగు పట్టే ల్యాబులు కూడా ఉన్నాయి, ఐదేళ్ల కింద సూపర్‌కెపాసిటర్ అని రాసిన బోర్డు మీద ఇప్పుడు గ్రీన్ హైడ్రోజన్ అని కనిపిస్తుంది, లోపల పదార్థం మాత్రం అదే గ్రాఫీన్.

హైడ్రోజన్ ప్రస్తావన వచ్చింది కాబట్టి ఒక మాట. కిలో హైడ్రోజన్ చెయ్యడానికి ఎలక్ట్రోలైజర్‌కి దాదాపు 50 నుంచి 55 యూనిట్ల కరెంటు కావాలి. అంటే అసలు ఖర్చు కరెంటుది. పీఈఎం రకం (మధ్యలో ప్లాస్టిక్ లాంటి పొర ఉండే) ఎలక్ట్రోలైజర్‌కి ఇరిడియం అనే అరుదైన లోహం కావాలి, అది ప్రపంచం మొత్తం మీద ఏడాదికి ఏడెనిమిది టన్నులకు మించి దొరకదు. కాబట్టి ఇరిడియం తగ్గించడం, నికెల్‌తో పని కానివ్వడం, ఎలక్ట్రోలైజర్ ఎండకు తగ్గట్టు ఆగుతూ నడుస్తూ ఉన్నా పాడవకుండా చూడడం, ఇలాంటి ప్రశ్నల మీద పనిచేసే గైడ్ దొరికితే ఊరు ఏదైనా వెళ్లండి. "నావెల్ ఎలక్ట్రోడ్ మెటీరియల్ ఫర్" అని మొదలయ్యే ముప్పై పేపర్లు ఉన్న గైడ్ అయితే రెండుసార్లు ఆలోచించండి.

యూరప్

జర్మనీలో పీహెచ్‌డీ చాలావరకు ఉద్యోగం. టీవీ-ఎల్ ఇ13 అనే ప్రభుత్వ స్కేలులో జీతం, పింఛను, ఆరోగ్య బీమా, సెలవులు, అన్నీ. అయితే ఫుల్ పోస్టు అందరికీ రాదు, 50 శాతం, 65 శాతం, 75 శాతం అని ఉంటుంది, ప్రకటనలో ఆ శాతం ఎంతో చూడకుండా సంతోషపడకండి. 65 శాతం పోస్టు అంటే 65 శాతం పని అనుకునేరు, పని నూటికి నూరు, జీతం మాత్రమే 65. కాంట్రాక్టు మామూలుగా మూడేళ్లు రాస్తారు. చట్టం ప్రకారం పీహెచ్‌డీకి ముందు ఆరేళ్ల దాకా తాత్కాలిక కాంట్రాక్టుల మీద ఉంచుకోవచ్చు, కాబట్టి పొడిగించడానికి చట్టం అడ్డురాదు, డబ్బు ఉందా అన్నదే ప్రశ్న. మళ్లీ అక్కడికే వచ్చాం, నాలుగో ఏడాది ఎవరిస్తారు?

సోలార్ మీద ఆసక్తి ఉంటే ఫ్రైబుర్గ్‌లో ఫ్రాన్‌హోఫర్ ఐఎస్‌ఈ ఉంది, హైడ్రోజన్‌కీ బ్యాటరీలకీ యూలిష్, కార్ల్స్‌రూహే ఉన్నాయి. ఫ్రైబుర్గ్, కార్ల్స్‌రూహే రెండూ ఉన్న బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రంలో యూరప్ బయటి మాస్టర్స్ విద్యార్థులకు 2017 నుంచి సెమిస్టర్‌కి 1,500 యూరోల ఫీజు ఉంది, పీహెచ్‌డీ వాళ్లకు లేదు. "జర్మనీలో చదువు ఫ్రీ" అనే మాట కన్సల్టెన్సీ వాళ్లు ఇంకా అంటూనే ఉన్నారు, మ్యూనిక్ టెక్నికల్ యూనివర్సిటీ కూడా 2024 చలికాలం సెమిస్టర్ నుంచి ఫీజు పెట్టింది. మాస్టర్స్‌కి సొంత డబ్బుతో వెళ్లేవాళ్లు బ్లాక్డ్ అకౌంట్‌లో ఏడాదికి 11,904 యూరోలు చూపించాలి. ఉద్యోగం మీద పీహెచ్‌డీకి వెళ్లేవాళ్లకు ఆ కాంట్రాక్టే సరిపోతుంది. ఇంకోటి, నాలుగేళ్ల బీటెక్‌తో నేరుగా పీహెచ్‌డీ అక్కడ దాదాపు కుదరదు, మాస్టర్స్ కావాలి. ఎమ్మెస్సీ ఉన్న మా వాడికి ఆ ఇబ్బంది లేదు.

యూరోపియన్ యూనియన్ డబ్బుతో నడిచే ఎరాస్మస్ ముండస్ మాస్టర్స్ నాకు బాగా నచ్చే దారి. స్కాలర్‌షిప్ వస్తే ఫీజు లేదు, నెలకు 1,400 యూరోలు, గరిష్ఠంగా 24 నెలలు, రెండు మూడు దేశాల్లో చదువు. బ్యాటరీ పదార్థాలకు ఎంఈఎస్‌సీ ప్లస్, గాలి మరలకు యూరోపియన్ విండ్ ఎనర్జీ మాస్టర్ అని ఉన్నాయి. స్కాలర్‌షిప్ లేని సీటు కూడా ఇస్తారు, మెయిల్‌లో "అభినందనలు" అని ఉంటుంది, కింది వరకు చదివితేగానీ డబ్బు మనదే అని తెలియదు. అది తీసుకుని అప్పు చెయ్యొద్దు.

దీని తర్వాత యూరోపియన్ యూనియన్ ఇచ్చే పీహెచ్‌డీ పోస్టులు, అంటే మారీ క్యూరీ డాక్టొరల్ నెట్‌వర్క్‌కి వెళ్దామనుకునేవాళ్లకు ఒక మెలిక ఉంది. మీకు పోస్టు ఇచ్చే దేశంలో గత 36 నెలల్లో 12 నెలలకు మించి ఉండి ఉండకూడదు. అంటే ఫ్రాన్స్‌లో ఏడాదిన్నర మాస్టర్స్ చేసినవాళ్లు వెంటనే ఫ్రాన్స్‌లోనే మారీ క్యూరీ పోస్టుకి పనికిరారు. ఇండియా నుంచి నేరుగా వెళ్లేవాళ్లకు మాత్రం ఈ నియమం వరం, అన్ని దేశాలూ తెరిచే ఉంటాయి. జీతం బాగుంటుంది, ఇంకో దేశంలో కొన్ని నెలలు పనిచేయడం అందులో భాగం. ఇక్కడ ఉన్నవాళ్లలో దీనికి దరఖాస్తు చేసేవాళ్లు తక్కువ, ఎందుకో నాకు అర్థం కాదు.

బ్రిటన్ గురించి క్లుప్తంగా: అక్కడి ప్రభుత్వ పరిశోధన నిధుల సంస్థ యూకేఆర్‌ఐ ఇచ్చే పీహెచ్‌డీ స్టూడెంట్‌షిప్‌లు 2021 నుంచి విదేశీయులకూ తెరిచారు, కానీ 30 శాతానికి మించి ఇవ్వరు, స్టైపెండ్ 2025-26కి 20,780 పౌండ్లు. లండన్‌లో అది చాలదు, షెఫీల్డ్‌లో సరిపోతుంది. బ్యాటరీలంటే ఫారడే ఇన్‌స్టిట్యూషన్ పేరు వెతకండి. సోలార్ సెల్స్ పిచ్చి ఉన్నవాళ్లకు సిడ్నీలో న్యూ సౌత్ వేల్స్ యూనివర్సిటీ, మార్టిన్ గ్రీన్ బృందం అక్కడ కనిపెట్టిన పెర్క్ రకం సోలార్ సెల్ తర్వాత ప్రపంచ సోలార్ మార్కెట్‌నే మార్చేసింది.

అమెరికా సంగతి

మనవాళ్లకు అమెరికా అంటే ఎంఎస్, తర్వాత ఉద్యోగం, తర్వాత డాలస్‌లో ఇల్లు. పీహెచ్‌డీ లెక్క వేరు, అక్కడ ఫీజు మాఫీ, టీచింగో రీసెర్చో అసిస్టెంట్‌షిప్, ఐదారేళ్లు. బీటెక్‌తో నేరుగా వెళ్లొచ్చు, అది పెద్ద సౌలభ్యం. కానీ మన పేరు మీద ఫెలోషిప్ తెచ్చుకునే దారులు తక్కువ: సైన్స్ నిధుల సంస్థ ఎన్‌ఎస్‌ఎఫ్ ఇచ్చే గ్రాడ్యుయేట్ ఫెలోషిప్ అక్కడి పౌరులకు, గ్రీన్ కార్డు వాళ్లకే. కాబట్టి మనం ఎక్కువగా గైడ్ గ్రాంటు మీద ఆధారపడతాం, క్లీన్ ఎనర్జీలో ఆ గ్రాంటు చాలావరకు డిపార్ట్‌మెంట్ ఆఫ్ ఎనర్జీది. 2025 అక్టోబర్‌లో ఆ డిపార్ట్‌మెంటే 321 గ్రాంట్లను, దాదాపు 756 కోట్ల డాలర్లవి, ఒక్కసారిగా రద్దు చేస్తున్నట్టు ప్రకటించింది. అదే ఏడాది విద్యార్థి వీసాలకు నాలుగేళ్ల పరిమితి పెట్టాలన్న ప్రతిపాదన, విదేశం నుంచి తెచ్చుకునే కొత్త హెచ్1బీలకు లక్ష డాలర్ల ఫీజు వచ్చాయి.

అలాగని వెళ్లొద్దని అనను. అక్కడి పరికరాలు, అక్కడి మనుషులతో జరిగే చర్చలు ఇంకెక్కడా దొరకవు. ఐదేళ్ల గ్రాంటు కొత్తగా వచ్చిన గైడ్, లేదా టీచింగ్ అసిస్టెంట్‌షిప్ ఐదేళ్లకు హామీగా రాసిచ్చే డిపార్ట్‌మెంట్ దొరికితే వెళ్లండి. హామీ ఆఫర్ లెటర్‌లో ఉండాలి, జూమ్ కాల్‌లో కాదు.

దీన్ని మీరే ముందుగా చూసుకోవచ్చు, ఎవరినీ అడగక్కర్లేదు. ఎన్‌ఎస్‌ఎఫ్ అవార్డ్ సెర్చ్‌లో ప్రొఫెసర్ పేరు కొడితే ఆ సంస్థ ఇచ్చిన గ్రాంటు ఎంత, ఎప్పుడు ముగుస్తుంది అన్నీ కనిపిస్తాయి. ఇలాంటి సైట్లే జర్మనీకి గెప్రిస్, యూరప్ ప్రాజెక్టులకు కోర్డిస్, బ్రిటన్‌కి గేట్‌వే టు రీసెర్చ్. పావుగంట పని. మా వాడు ఆ జర్మన్ ప్రొఫెసర్ పేరు గెప్రిస్‌లో వెతికితే రెండు ప్రాజెక్టులు కనిపించాయి, ఒకటి నిరుడే మొదలైంది. ఆ స్క్రీన్‌షాట్ నాకు పంపినప్పుడు వాడి గొంతులో టెన్షన్ సగం తగ్గింది.

ఇటూ అటూ ఒక కాలు

ఇక్కడ పీహెచ్‌డీలో చేరి కొన్నాళ్లు బయట పనిచేసి రావడం అనే దారిని మనవాళ్లు ఎందుకో చిన్నచూపు చూస్తారు. ఫుల్‌బ్రైట్-నెహ్రూ డాక్టొరల్ ఫెలోషిప్‌తో ఆరు నుంచి తొమ్మిది నెలలు అమెరికా ల్యాబ్‌లో ఉండొచ్చు, ఇండియాలో పీహెచ్‌డీకి రిజిస్టర్ అయి ఉండాలి, తర్వాత తిరిగి రావాలన్న షరతు ఉంది. ఐఐటీ హైదరాబాద్‌కి ఆస్ట్రేలియాలోని స్విన్‌బర్న్‌తో జాయింట్ డాక్టరేట్ ఉంది, ఐఐటీ బాంబేకి మొనాష్‌తో ఎప్పటినుంచో ఉంది. ఇంట్లో పెద్దవాళ్ల ఆరోగ్యమో, చెల్లి పెళ్లో, ఐదేళ్లు పూర్తిగా దూరంగా ఉండలేని పరిస్థితి ఉన్నవాళ్లకు ఇది రాజీ బేరం కాదు, మంచి బేరం. జేఆర్‌ఎఫ్ చేతిలో ఉండి దీన్ని కలుపుకుంటే డబ్బు మీది, అనుభవం బయటిది.

కంపెనీ డబ్బు

కంపెనీ డబ్బు పాపపు సొమ్మని నేననుకోను. 1970ల్లో చమురు సంక్షోభం వచ్చినప్పుడు స్టాన్లీ విటింగ్‌హామ్ మళ్లీ మళ్లీ ఛార్జ్ చేసుకునే తొలి లిథియం బ్యాటరీ చేసింది ఎక్సాన్ ల్యాబ్‌లో, దానికే 2019లో నోబెల్ వచ్చింది. కానీ చమురు ధర దిగాక ఎక్సాన్ ఆ పనిని వదిలేసింది. కంపెనీకి ఆసక్తి పోతే మీ థీసిస్ మధ్యలోనే ఆగిపోతుంది, ఆ కథ చెప్పేది అదే. అదే బహుమతిని పంచుకున్న జాన్ గుడినఫ్ ఆక్స్‌ఫర్డ్‌లో 1980లో చేసిన కోబాల్ట్ కాథోడ్‌కి పేటెంట్ తీసుకోవడానికి యూనివర్సిటీ ముందుకే రాలేదు. 1991లో సోనీ మార్కెట్లోకి తెచ్చిన బ్యాటరీలో ఉన్నది ఆ కాథోడే. కంపెనీ చేసే తప్పూ, యూనివర్సిటీ చేసే తప్పూ రెండూ జరుగుతాయి.

కాబట్టి కంపెనీ స్పాన్సర్ చేసిన పీహెచ్‌డీ అయితే మూడు విషయాలు కాగితం మీద చూడండి: పేపర్ పబ్లిష్ చేయడానికి వాళ్ల అనుమతికి ఎన్ని రోజులు ఆగాలి, పేటెంట్‌లో మీ పేరు ఉంటుందా, వాళ్లు మధ్యలో తప్పుకుంటే మిగతా కాలానికి యూనివర్సిటీ స్టైపెండ్ ఇస్తుందా. ఇక చమురు కంపెనీల డబ్బుతో వాతావరణ పరిశోధన చేయొచ్చా అన్నది అమెరికా క్యాంపస్‌లలో పెద్ద గొడవ. ప్రిన్స్‌టన్ 2022లో 90 కంపెనీలతో తెగతెంపులు చేసుకుంది. అదే ఏడాది 110 కోట్ల డాలర్ల విరాళంతో మొదలైన స్టాన్‌ఫర్డ్ డోర్ స్కూల్ మాత్రం ఆ కంపెనీల డబ్బును కాదనలేదని విద్యార్థుల చేత చీవాట్లు తింది. మీ మనసుకు ఏది సమ్మతమో మీరే తేల్చుకోవాలి, చేరాక తేల్చుకుంటే కష్టం.

ల్యాబ్ గుమ్మం దాటుతుందా

చివరిగా చూడాల్సింది, నా దృష్టిలో జీతం తర్వాత అన్నిటికన్నా ముఖ్యమైనది, ఆ ల్యాబ్ పని బయట ఎవరికైనా పనికొస్తోందా అన్నది. బోయినపల్లి కూరగాయల మార్కెట్‌కి ఒకసారి పొద్దున్నే వెళ్లి చూడండి. మిగిలిపోయిన క్యాబేజీ ఆకులు, కుళ్లిన టమాటాలు, రోజుకు దాదాపు 10 టన్నుల చెత్త, ముందైతే లారీల్లో డంపింగ్ యార్డుకి పోయేది. ఇప్పుడు దాన్ని తరిగి, రుబ్బి, ఐఐసీటీలో గంగాగ్నిరావు బృందం తయారుచేసిన రియాక్టర్‌లోకి పంపితే బయోగ్యాస్ వస్తుంది, దాంతో దాదాపు 500 యూనిట్ల కరెంటు, మార్కెట్ దీపాలు అందులోనే వెలుగుతాయి, మిగిలిన గ్యాస్ క్యాంటీన్ పొయ్యికి. 2021 జనవరిలో ప్రధాని మన్ కీ బాత్‌లో ప్రస్తావించాక నలుగురికీ తెలిసింది. తార్నాక నుంచి బోయినపల్లి ఎంత దూరం? ఆ కాస్త దూరం దాటడానికి పేటెంటు, బయోటెక్నాలజీ విభాగం నిధులు, మార్కెటింగ్ శాఖ ఒప్పుదల, ప్లాంటు కట్టే కంపెనీ, ఇన్ని కలిసిరావాలి.

మన ఎండల సంగతే తీసుకోండి. సోలార్ ప్యానెల్ మీద రాసి ఉండే వాట్లు 25 డిగ్రీల దగ్గర కొలిచినవి. మే నెలలో రామగుండంలో మేడ మీద ప్యానెల్ 65 డిగ్రీలకు కాగితే, డిగ్రీకి 0.35 శాతం చొప్పున చూసినా, 14 శాతం కరెంటు అలాగే ఎగిరిపోతుంది. అక్కడి ఎన్‌టీపీసీ రిజర్వాయర్ మీద 2022 నుంచి పనిచేస్తున్న 100 మెగావాట్ల తేలే సోలార్‌కి కింద నీళ్లుండడం ఒక మేలు. ఈ వేడి, ఈ దుమ్ము, కోస్తాలో ఉప్పుగాలి, ఇవి ఫ్రైబుర్గ్‌లో దొరకని ప్రయోగశాల. ఇలాంటి ప్రశ్న మీద ఇక్కడి ల్యాబ్‌లో పనిచేస్తే మీ దగ్గర ఉన్న డేటా ఇంకెవరి దగ్గరా ఉండదు. అదే పెరోవ్‌స్కైట్ అనే కొత్తరకం సోలార్ పదార్థం పొరల్లో అర శాతం ఎఫిషియెన్సీ పెంచడమే మీ లక్ష్యమైతే, ఆ పందెంలో కోట్ల డాలర్ల కంపెనీలు ఉన్నాయి, చైనా కంపెనీ లాంగి 2025లోనే రెండు పదార్థాలు ఒకదాని మీద ఒకటి పేర్చిన టాండెమ్ సెల్‌లో 34.85 శాతం చూపించింది, అక్కడికి పెద్ద సదుపాయాలున్న చోటు నుంచే దూకాలి.

గైడ్‌ని అడగండి: మీ డేటా ఎక్కడి నుంచి వస్తుంది, డిస్కమ్‌తో మాట్లాడతారా, పంపుసెట్టు రైతుతో ఎవరైనా మాట్లాడారా, పాత విద్యార్థులు ఇప్పుడెక్కడున్నారు. చివరి ప్రశ్నకు వచ్చే జవాబు ఎక్కువ చెప్తుంది. పాత విద్యార్థుల్లో ఇద్దరికి విడిగా ఫోన్ చేయండి, గైడ్ ఇచ్చిన నంబర్లకు కాదు, మీరు వెతికి పట్టుకున్న నంబర్లకు.

ప్రైవేట్ ఇంజినీరింగ్ కాలేజీల్లో పాఠాలు చెప్పే మేష్టర్లకు వేరే లెక్క. ఏఎన్‌ఆర్‌ఎఫ్‌లో కొత్తగా చేరినవాళ్లకు ఎర్లీ కెరీర్ గ్రాంటు ఉంది, పెద్ద సంస్థ చుట్టూ చిన్న సంస్థల్ని కట్టే పెయిర్ పథకం ఉంది. వారానికి 18 గంటల క్లాసులు చెప్తూ ఒంటరిగా ప్రపోజల్ రాయడం కంటే ఐఐటీలోనో ఐఐసీటీలోనో తెలిసిన మనిషితో కలిసి రాయడం మేలు. నమూనా దాకా వచ్చిన ఆలోచన ఉంటే నిధి-ప్రయాస్ అనే ప్రభుత్వ పథకంలో 10 లక్షల దాకా ఇస్తారు.

మరి నేనైతే ఏం చేస్తాను? జేఆర్‌ఎఫ్ ఉండి, గైడ్‌కి కనీసం మూడేళ్లు మిగిలిన గ్రాంటు ఉంటే, ప్రశ్న మన నేలకు సంబంధించినదైతే, ఇక్కడే ఉంటాను, మధ్యలో తొమ్మిది నెలలు బయటికి వెళ్లొస్తాను. జేఆర్‌ఎఫ్ లేకపోతే ఇక్కడి ఏడాదిన్నర ప్రాజెక్టు కన్నా జర్మనీ 65 శాతం పోస్టే మేలంటాను, దూరపు కొండలు నునుపు కాబట్టి కాదు, మూడేళ్లు కాగితం మీద ఉన్నాయి కాబట్టి. సొంత అప్పుతో మాస్టర్స్ మాత్రం, క్లైమేట్ కోసమైనా సరే, నేను చెయ్యను.

మా వాడు రెండు చోట్లకీ అదే ప్రశ్న మెయిల్ పెట్టాడు. ఇక్కడి గైడ్ "వచ్చి చేరు, చూద్దాం" అన్నారు. జర్మనీ ప్రొఫెసర్ మర్నాడే నాలుగు లైన్లలో జవాబిచ్చాడు: మూడేళ్లు 65 శాతం, ప్రాజెక్టు ఫలానా నంబరు, పొడిగింపుకి ఫలానా నెలలో దరఖాస్తు పెడతాం, రాకపోతే డిపార్ట్‌మెంట్‌లో ఆరు నెలలు టీచింగ్ పోస్టు ఇవ్వగలను, అంతకుమించి మాట ఇవ్వలేను. "అన్నయ్యా, ఇతను రాకపోవచ్చు అని కూడా రాశాడు" అన్నాడు వాడు ఆశ్చర్యంగా. డిసెంబర్ నెట్‌కి ఫీజు కట్టేశాడు, జర్మనీ కాగితాలూ మొదలుపెట్టాడు. పిన్నికి మాత్రం ఇంకా చెప్పలేదు.